ఎండ, ఉక్కపోత, గాలివాన, తుపాను: నల్లగొండ, పాలమూరు వేసవిని ముందుగా అంచనా వేసే పద్ధతి

మే నెలలో నల్లగొండలో ఎవరి ఫోన్ చూసినా ఒక అంకె కనిపిస్తుంది. ఒకరి ఫోన్‌లో 42, ఇంకొకరి ఫోన్‌లో 44, కారు డాష్‌బోర్డు మీద ఏకంగా 47. ఈ అంకెల మీద టీ కొట్టు దగ్గర కావలసినంత వాదన జరుగుతుంది. కానీ రేపు వడ్లు ఆరబోయాలా వద్దా, స్లాబ్ పోయించుకోవచ్చా, ఉపాధి పనికి ఎన్ని గంటలకు పోవాలి అని తేల్చుకోవడానికి ఆ అంకె ఒక్కటే చాలదు. మన దగ్గర వేసవిని నడిపించేది గాలి. వాయవ్యం నుంచి వచ్చే గాలి మధ్య భారతం మీద కాగి, పొడిగా వస్తుంది. ఆగ్నేయం నుంచి వచ్చేది బంగాళాఖాతం తేమను మోసుకొస్తుంది. మొదటిది వడగాలి, రెండోది ఉక్కపోత. ఆ రెండూ ఎదురుపడిన చోట సాయంత్రం ఉరుములు. అందుకే రోజూ వేసుకోవలసిన మొదటి ప్రశ్న "రేపు ఎంత ఎండ?" కాదు, "రేపు గాలి ఎటు నుంచి?"

దానికి కావలసినవి ఒక ఫోన్, రెండు మామూలు థర్మామీటర్లు, ఒక వానమాపకం. రోజుకు పావుగంట సమయం పెడితే చాలు.

1. ముందు ఏ అంకె ఎక్కడిదో తెలుసుకోండి

భారత వాతావరణ శాఖకు నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో పరిశీలన కేంద్రాలున్నాయి. అక్కడ థర్మామీటరు నేరుగా ఎండలో ఉండదు. గాలి ఆడేలా చెక్క పలకలు అమర్చిన తెల్ల పెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. కనిష్ఠ ఉష్ణోగ్రతను పొద్దున 8:30కి, గరిష్ఠాన్ని సాయంత్రం 5:30కి నమోదు చేస్తారు. వడగాలి ప్రకటనలకు ఆధారం ఈ లెక్కలే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టీజీడీపీఎస్‌కు మండలాల వారీగా వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలున్నాయి. మీది దామరచర్ల అయినా, మక్తల్ అయినా దగ్గరి లెక్క అక్కడే దొరుకుతుంది. ఈ రెండు సంస్థల అంకెలు ఒకటి రెండు డిగ్రీలు తేడాగా ఉంటే కంగారు పడక్కర్లేదు. ఏదో ఒకదాన్ని పట్టుకుని వేసవంతా దాన్నే చూడండి. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి చూసి పోల్చుకుంటే ఏదీ తేలదు.

ఫోన్‌తో పాటు వచ్చే యాప్ చూపించేది చాలాసార్లు కొలిచిన వేడి కాదు, కంప్యూటర్ మోడల్ వేసిన లెక్క. కారు డాష్‌బోర్డు మీది 47 అయితే తారు రోడ్డు వేడి. దాని మీద పందేలు కాయకండి.

వాన లెక్కలో ఇంకో చిక్కు ఉంది. ఒక రోజు వర్షపాతం అంటే ముందు రోజు పొద్దున 8:30 నుంచి ఆ రోజు పొద్దున 8:30 దాకా కురిసింది. సోమవారం సాయంత్రం పడిన వాన మంగళవారం లెక్కలో కనబడుతుంది. "నిన్న వాన పడితే సున్నా చూపిస్తున్నారు" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి.

2. గాలి చూడడం

విండీ లాంటి యాప్‌లో గాలి పటం తెరవండి. నేల మీది గాలిని వదిలేసి 925 లేదా 850 హెక్టోపాస్కల్ ఎత్తు ఎంచుకోండి. అంటే సుమారు 750 మీటర్లు, 1,500 మీటర్లు. నేల దగ్గర గుట్టలు, చెట్లు, ఇళ్లు గాలిని తిప్పేస్తాయి. పైన దాని అసలు దారి తెలుస్తుంది.

నాగపూర్, ఆదిలాబాద్ వైపు నుంచి బాణాలు కిందికి దిగుతుంటే పొడి గాలి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఎక్కి వస్తుంటే తేమ గాలి. బులెటిన్‌లో "విదర్భ నుంచి అంతర కర్ణాటక మీదుగా తమిళనాడు వరకు ద్రోణి" అన్న మాట తరచూ వింటుంటారు. ఆ రెండు గాలులు కలుసుకునే గీత అదే. ఆ గీత నారాయణపేట, గద్వాల పడమటి అంచున ఉందా, నల్లగొండ మీద ఉందా, కోస్తా వైపు జరిగిందా అన్నదాన్ని బట్టి సాయంత్రం ఉరుములు ఎవరికో చాలావరకు తేలిపోతుంది. గీతకు తూర్పున ఉన్నవాళ్లకు తేమ, పడమర ఉన్నవాళ్లకు పొడి ఎండ. అది రోజుకు వంద కిలోమీటర్లు అటూ ఇటూ జరగడం మామూలే. అందుకే మూడు రోజుల ముందు చెప్పిన "ఉరుములతో వాన" కన్నా అదే రోజు పొద్దున చూసిన గీత ఎక్కువ ఉపయోగం.

ఒకే మోడల్‌ను నమ్ముకోకండి. యూరప్ మోడల్, అమెరికా జీఎఫ్‌ఎస్ రెండూ చూడండి. 2025 మే నుంచి మన వాతావరణ శాఖ 6 కిలోమీటర్ల గడులతో నడుపుతున్న భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ కూడా ఉంది. గాలి దిశ విషయంలో మోడళ్లు ఒక్క మాట మీద ఉంటే ధైర్యంగా పని పెట్టుకోవచ్చు. లేకపోతే ఇంకో పూట ఆగాలి.

3. రేపటి ఎండను లెక్క కట్టడం

ఇది వాతావరణ నిపుణులు వాడే పాత పద్ధతే. మే మధ్యాహ్నం నేల కాగి, గాలి కింది నుంచి పైకి ఒకటిన్నర కిలోమీటర్ల దాకా కలగలిసిపోతుంది. అలా కలిసిన పొడి గాలి ప్రతి 100 మీటర్లు దిగేకొద్దీ దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. కాబట్టి 850 హెక్టోపాస్కల్ దగ్గర, అంటే 1,500 మీటర్ల ఎత్తున, మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో చూసి కింది వేడిని లెక్కించొచ్చు.

నల్లగొండ పట్టణం సముద్రమట్టానికి సుమారు 230 మీటర్ల ఎత్తులో ఉంది. తేడా 1,270 మీటర్లు, అంటే 12 డిగ్రీలకు కొంచెం పైన. కాలిన నేల పక్కన ఇంకో డిగ్రీ, డిగ్రీన్నర కలుస్తుంది. పైన 28 ఉంటే కింద 41, 42. పైన 30 ఉంటే 43, 44. మహబూబ్‌నగర్ దాదాపు 500 మీటర్ల ఎత్తు. అక్కడ 11, 12 కలిపితే సరిపోతుంది. అదే గాలి, అదే ఎండ, అయినా పాలమూరు నల్లగొండ కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపించడానికి ఈ ఎత్తే కారణం. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నేల ఇంకా దిగువ. అక్కడ నల్లగొండ కన్నా ఒకింత ఎక్కువ వేసుకోండి.

ఈ లెక్క మబ్బు లేని రోజుకే పనిచేస్తుంది. మొగులు పట్టినా, ముందు రోజు వాన పడి నేల తడిసినా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గించండి.

ఇప్పుడు వడగాలి సంగతి. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలు కన్నా (అంటే ఆ రోజులకు ఏళ్ల తరబడి ఉన్న సగటు కన్నా) 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 6.5 లేదా ఆపైన అయితే తీవ్ర వడగాలి. మామూలు ఎంతైనా సరే, 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్రం. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో, వరుసగా రెండు రోజులు ఇలా ఉంటేనే రెండో రోజు ప్రకటిస్తారు. ఏప్రిల్ మొదట్లో మామూలు 38 అనుకుంటే 42.5కే ప్రకటన రావచ్చు. రోహిణి కార్తెలో మామూలే 41 ఉంటే 44 కాసినా రాకపోవచ్చు. మనిషి ఒంటికి ఈ తేడా తెలియదు. వడగాలి ప్రకటించలేదు కదా అని 44లో మట్టి పనికి దిగడం తప్పు. ప్రకటన ఒక లెక్క మాత్రమే.

హెచ్చరిక రంగులకు కూడా అర్థం తెలిసి ఉండాలి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్యలు తీసుకోండి.

కనిష్ఠాన్ని ఎవరూ పట్టించుకోరు, నా దృష్టిలో ప్రాణాల మీదికి తెచ్చేది అదే. పగలు 40 దాటి, రాత్రి కనిష్ఠం కూడా మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే దాన్ని వేడి రాత్రి అంటారు. రేకుల ఇంట్లో పడుకునే ముసలివాళ్లకు, పసిపిల్లలకు ఒళ్లు చల్లబడే గంటలే దొరకవు. అలాంటి రాత్రులు వరుసగా రెండు వస్తే మూడో రోజు పగలు ఎండ కాస్త తగ్గినా వడదెబ్బ తగులుతుంది.

4. ఉక్కపోతను కొలవడం

తేమ శాతం చూసి మోసపోకండి. పొద్దున ఆరింటికి 65 శాతం చూపించిన గాలే మధ్యాహ్నం మూడింటికి 25 చూపిస్తుంది. తేమ ఎక్కడికీ పోలేదు, గాలి వేడెక్కింది, అంతే. శాతానికి బదులు డ్యూ పాయింట్ చూడండి. అంటే గాలి ఎంత వరకు చల్లబడితే అందులోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత. అది రోజంతా అంతగా మారదు. 15 లోపు ఉంటే పొడి ఎండ. 20 దాటితే చెమట ఆరదు. 23, 24కు చేరిందంటే ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా ఒంటికి అతుక్కుంటుంది.

యాప్ లేకపోయినా ఫర్వాలేదు. ఒకే రకం థర్మామీటర్లు రెండు నీడలో వేలాడదీయండి. ఒకదాని బుడ్డికి పల్చటి నూలు గుడ్డ చుట్టి, దాని కొసను నీళ్ల గిన్నెలో ఉంచండి. విసనకర్రతో రెండు మూడు నిమిషాలు విసిరి రెండూ చదవండి. తేడా 15 డిగ్రీల పైన ఉంటే పొడి గాలి, 10 లోపు ఉంటే ఉక్కపోత. మామూలు థర్మామీటరు 40, తడి గుడ్డది 22 చూపిస్తే తేమ సుమారు 20 శాతమే. 36, 28 చూపిస్తే 55 శాతం దాకా ఉన్నట్టు.

ఈ రెండో రోజే ఒంటికి కష్టం. 36 డిగ్రీల వేడి, 60 శాతం తేమ కలిస్తే నీడలోనే 47 డిగ్రీల పైన ఉన్నట్టు అనిపిస్తుంది. 40 డిగ్రీలు, 40 శాతం కలిసినా దాదాపు అంతే. కాబట్టి మే చివర్లో "ఎండలు తగ్గాయి, 37కి వచ్చాయి" అన్న వార్త వినగానే ఊరట పడకుండా డ్యూ పాయింట్ చూడండి.

కూలర్ పనిచేస్తుందా లేదా అన్నది కూడా ఇక్కడే తెలుస్తుంది. తడి థర్మామీటరు చూపించే వేడి కన్నా చల్లగా ఏ కూలరూ గాలిని చేయలేదు. ఏప్రిల్ పొడి ఎండలో 22 దాకా దిగే అవకాశం ఉంటుంది కాబట్టి గది హాయిగా ఉంటుంది. తేమ గాలి మొదలయ్యాక అదే కూలర్ ఉక్కపోతను పెంచుతుంది. అప్పుడు నీళ్ల మోటారు ఆపేసి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ మాత్రమే నడపండి.

5. గాలివాన, రాళ్లవాన, పిడుగు

మన వేసవిలో ఎక్కువ నష్టం చేసేది ఇదే. యాసంగి కోతలు ముగిసి వడ్లు ఐకేపీ కేంద్రాల్లో కుప్పలుగా ఉన్నప్పుడు, కొల్లాపూర్ తోటల్లో మామిడి కాయ మీద ఉన్నప్పుడు, నల్లగొండ బత్తాయి చెట్ల మీద ఉన్నప్పుడు వస్తుంది.

పొద్దున చూడవలసింది మూడు విషయాలు. డ్యూ పాయింట్ 20 పైన ఉందా? ద్రోణి గీత మీ మీదనో, పక్కనో ఉందా? మధ్యాహ్నానికి 39, 40 దాటే ఎండ కాస్తుందా? మూడింటికీ అవును అని వస్తే సాయంత్రం మూడు నుంచి ఎనిమిది మధ్య జాగ్రత్త. తేమ లేకుండా ఎండ ఒక్కటే ఉంటే ఏమీ రాదు. తేమ ఉండి ఎండ లేకపోతే సన్నటి తుంపర.

బులెటిన్ మాటల్లో "అక్కడక్కడ" అంటే జిల్లాలోని కేంద్రాల్లో పావు వంతుకు మించకుండా వాన పడుతుందని అర్థం. "కొన్ని చోట్ల" అంటే పావు నుంచి సగం, "చాలా చోట్ల" అంటే సగం నుంచి ముప్పావు. "అక్కడక్కడ" అన్న రోజు మీ ఊళ్లో పడకపోతే అంచనా తప్పినట్టు కాదు.

మధ్యాహ్నం రెండు నుంచి మొగులు చూడండి. దూది పింజల్లాంటి మబ్బులు వెడల్పు కాకుండా నిటారుగా పెరుగుతున్నాయా? పైభాగం అంచులు పదునుగా ఉన్నాయంటే ఇంకా ఎదుగుతోంది. పైన చదునై, ఒక పక్కకు పరుచుకుందంటే ఉరుముల మబ్బు పూర్తిగా తయారైంది. అప్పుడు రాడార్ తెరవండి. హైదరాబాద్ డాప్లర్ రాడార్ చుట్టూ 250 కిలోమీటర్ల దాకా చూస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దానికి వంద కిలోమీటర్ల దగ్గరలోనే ఉన్నాయి. బొమ్మ మీది సమయం చాలాసార్లు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటుంది, దానికి ఐదున్నర గంటలు కలపండి. ఇది మరిచిపోయి మధ్యాహ్నపు మబ్బును పొద్దున పోయినదనుకునేవాళ్లు చాలామంది.

రాడార్ రంగుల కొలతలో 40 దాటితే గట్టి వాన, 55 దాటితే వడగళ్లు ఉండొచ్చు. ఒక్క బొమ్మ చూసి వదిలేయకండి. వరుసగా మూడు చూసి మబ్బు ఎటు, ఎంత వేగంతో కదులుతోందో లెక్కించండి. అరగంటలో 15 కిలోమీటర్లు జరిగితే, 30 కిలోమీటర్ల అవతల ఉన్న మీకు గంట టైమ్ ఉన్నట్టు. అయితే కొత్త మబ్బులు పాతవాటి ముందు పుడుతుంటాయి, ఆ గంటలో ఇరవై నిమిషాలు తీసేసి టార్పాలిన్లు కప్పండి. వాతావరణ శాఖ జిల్లాల వారీగా ఇచ్చే మూడు గంటల నౌకాస్ట్ హెచ్చరిక కూడా ఈ టైమ్‌లోనే పనికొస్తుంది.

వాన కన్నా గాలి ముందొస్తుంది. మబ్బు కింద గాలి పొడిగా ఉంటే పడే చినుకులు దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరయ్యే చినుకు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి కూలి, నేలను తాకి అన్ని వైపులకూ దూసుకుపోతుంది. పాలమూరులో నాలుగు చినుకులు పడి, దుమారం లేచి, రేకులు ఎగిరిపోయే సాయంత్రాలు ఇలాంటివే. పగలు 43 కాసి, డ్యూ పాయింట్ 15 నుంచి 18 మధ్యలో ఉండి, మధ్యాహ్నం ఎత్తయిన మబ్బు కనిపిస్తే వాన గురించి కాదు, గాలి గురించి భయపడండి. వేడి గాలి ఒక్కసారి ఆగిపోయి, మట్టి వాసనతో చల్లటి గాలి తగిలిందంటే మీకు ఉన్నవి నిమిషాలే.

రాళ్లవాన ముప్పు మార్చి, ఏప్రిల్‌లో ఎక్కువ. ఆ నెలల్లో పైన గాలి ఇంకా చల్లగా ఉంటుంది, గడ్డ కట్టే ఎత్తు కిందికి ఉంటుంది, రాయి కరగకుండానే నేల చేరుతుంది.

పిడుగులకు పుణేలోని ఐఐటీఎం తయారు చేసిన దామిని యాప్ ఉంది. మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పడుతున్నవాటిని చూపిస్తుంది. ఫోన్ లేకపోతే మెరుపు నుంచి ఉరుము దాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు వినబడితే పక్కా ఇంట్లోకి పోవాలి, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావద్దు. గొర్రెల కాపరులు, నాట్లు వేసేవాళ్లు, తాటివనంలో ఉన్నవాళ్లు వాన మొదలయ్యాక చెట్టు కిందికి చేరుతారు. అన్నిటికన్నా చెడ్డ చోటు అదే. గొర్రెలు ఎటు పోయినా తర్వాత వెతుక్కోవచ్చు.

6. తుపాను: అది ఎటు పోతే మనకు ఏ గాలి

బంగాళాఖాతంలో వేసవి తుపాన్లు ముఖ్యంగా మే నెలవి. అల్పపీడనం బలపడి గాలి గంటకు 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 50కి తీవ్ర వాయుగుండం, 62కి తుపాను, 89కి తీవ్ర తుపాను. పేరు పెట్టేది తుపాను అయ్యాకే. వాతావరణ శాఖ రోజూ ఇచ్చే ఉష్ణమండల బులెటిన్‌లో రాబోయే ఏడు రోజుల్లో వాయుగుండం పుట్టే అవకాశం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రాస్తారు. "మధ్యస్థం" అని రాసే దాకా వాట్సాప్ పటాలు చూసి టెన్షన్ పడక్కర్లేదు.

తుపాను చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. మనకు కావలసిన సూత్రం ఇదొక్కటే. తుపాను ఒడిశా, బెంగాల్, మయన్మార్ వైపు తిరిగిందంటే మనం దానికి పడమర పక్కన పడతాం. మన మీదికి వాయవ్యం నుంచి పొడి గాలి లాగుతుంది, ఉన్న తేమంతా అటు పోతుంది. అంటే తుపాను వార్త మనకు ఎండ వార్త. 2003 మేలో బంగాళాఖాతపు తుపాను మయన్మార్ వైపు పోయిన తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాలికి వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2019 ఫొని, 2020 అంఫన్, 2021 యాస్, 2023 మోకా అన్నీ మనల్ని వదిలేసి పైకి పోయినవే. మే తుపాన్లలో ఎక్కువ వాటి దారి అదే.

దక్షిణ కోస్తా వైపు వస్తే కథ మారుతుంది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటిది వస్తుంటే ఒక రోజు ముందే గాలి తూర్పు, ఈశాన్యానికి తిరుగుతుంది, మొగులు కమ్ముతుంది, గరిష్ఠం ఒక్కసారిగా పది డిగ్రీల దాకా పడిపోవచ్చు. తీరం దాటాక గాలి బలం త్వరగా తగ్గుతుంది. నల్లగొండ, సూర్యాపేటకు అప్పుడు మిగిలేది ముఖ్యంగా వాన ముప్పు. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ.

గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. పటం అందుబాటులో లేనప్పుడు ఇది చాలు. ఫోన్ బారోమీటరు చూసేవాళ్లకు ఒక మాట: మన దగ్గర రోజూ పొద్దున పదింటికి పీడనం ఎక్కువ, సాయంత్రం నాలుగింటికి మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ తక్కువ ఉంటుంది. అది తుపాను కాదు. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చండి.

7. నోట్‌బుక్, వానమాపకం, తొలకరి

ఒక పేజీ నిలువుగా గీసి గాలి దిశ, డ్యూ పాయింట్, మీరు వేసిన గరిష్ఠం, నిజంగా వచ్చిన గరిష్ఠం, వాన రాసుకోండి. మే మధ్యకు వచ్చేసరికి మీ ఊరికి లెక్క ఎటు తప్పుతోందో తెలుస్తుంది. మీ లెక్క ఎప్పుడూ ఒక డిగ్రీ తక్కువ వస్తుంటే ఒకటి కలిపేయండి. ఊరికి ఊరికి ఈ సవరణ వేరు. గుట్ట పక్కన ఒకటి, నీళ్లు పారే పొలాల పక్కన ఒకటి.

నైరుతి రుతుపవనాలు కేరళను తాకే మామూలు తేదీ జూన్ 1. మనకు మామూలుగా మృగశిర కార్తె తొలి రోజుల్లో, జూన్ రెండో వారానికి అటూ ఇటుగా వస్తాయి. 2025లో మే 24నే కేరళ చేరాయి కాబట్టి తేదీని గట్టిగా పట్టుకోకండి, గాలినే చూడండి. 850 హెక్టోపాస్కల్ దగ్గర పడమటి గాలి మూడు నాలుగు రోజులు విడవకుండా, అరేబియా సముద్రపు తేమతో వస్తుండాలి. పగటి గరిష్ఠం 35 చుట్టుపక్కలకు దిగి అక్కడే ఉండాలి. సాయంత్రం మాత్రమే కాక రాత్రీ పొద్దునా కూడా జల్లులు పడాలి. సాయంత్రం ఉరిమి పడి, మర్నాడు మళ్లీ 40 కాస్తే అది ఇంకా వేసవి వానే.

పత్తి గింజ పెట్టే రైతుకు వానమాపకం అవసరం ఇక్కడే. నేలను బట్టి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి భూమి బాగా తడిసే దాకా విత్తొద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎర్ర చెలకకు 60, నల్లరేగడికి 75 అనుకోండి. మండల కేంద్రంలో 70 పడిన రోజు మీ చేనులో 25 పడి ఉండొచ్చు. కొనకపోయినా నిటారు గోడలున్న డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా పెట్టి, పొద్దున 8:30కి స్కేలుతో కొలిస్తే సరిపోతుంది.